మందాయన పెంచిన పురుగులు

ఆ వీధిలోకి కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు "మందాయన ఇల్లు" అన్న మాట వినగానే ఎవరో తాగుబోతనుకుని, పిల్లల్ని ఆ గేటు దాటి పోనిచ్చేవారు కాదు. నిజానికి ఆయన జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఆయన కొట్టే మందు వేరు. బొద్దింకలకీ, చెదలకీ, నల్లులకీ, చీమలకీ కొట్టే మందు. వీపున డబ్బా తగిలించుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇళ్ళూ, హోటళ్ళ వంటగదులూ, ఆఫీసుల్లో పాత ఫైళ్ళు పేర్చిన గదులూ తిరిగాడు. గదిలో అడుగుపెట్టి ఒక్కసారి ముక్కు ఎగబీలిస్తే చాలు, బొద్దింకలు ఏ బీరువా వెనక కాపురం పెట్టాయో చెప్పేసేవాడు. తలుపు చట్రం మీద వేలి కణుపుతో కొట్టి, ఆ చప్పుడును బట్టి చెద ఎంత లోతుకి తినేసిందో తేల్చేవాడు. కంపెనీలో కొత్తగా చేరిన ప్రతివాడికీ పని నేర్పింది ఆయనే.

భార్య చిన్నపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరు. ఆమెను ఆయన ఇంట్లో కూడా "టీచర్ గారూ" అనే పిలిచేవాడు. పెళ్ళైన కొత్తలో వేళాకోళానికి మొదలుపెట్టాడు, తరవాత మరో పిలుపు నోటికి రాకుండా పోయింది. పిల్లలు కలగలేదు. ఒకరికి ఒకరే. ముందు రెండు గదులు, వెనక ఒక వంటిల్లు, ఆ వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు.

"మన పెరట్లో ఈగ కూడా వాలదండీ" అని ఆవిడ అప్పుడప్పుడూ అనేది. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాడు. ఏటా వానలకి ముందు కంపెనీలో మిగిలిన మందు తెచ్చి ఇంటి చుట్టూ, పెరడంతా పోసేవాడు. మందాయన ఇంట్లోనే చెద పడితే నలుగురిలో తలెత్తుకోవడం ఎలాగ?

సాయంత్రం పని నుంచి రాగానే ఆయన ఖాకీ బట్టలు పెరట్లోనే విడిచి, స్నానం చేసి గానీ లోపలికి వచ్చేవాడు కాదు. ఆ బట్టల్ని ఆవిడ మిగతావాటితో కలపకుండా, పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని బ్రష్షుతో రుద్ది ఉతికేది. కొత్తలో ఒకసారి ఆయన "నేను ఉతుక్కుంటాలే" అన్నాడు. "మీరా? కాలరు మురికి అలాగే ఉంచి ఆరేస్తారు. లేవండి అవతలకి" అంది. ఆయన లేచాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆయనకి యాభై ఎనిమిది, ఆవిడకి యాభై నాలుగు వచ్చిన ఏడాది అది జరిగింది. క్లాసులో బోర్డు మీద కుండ బొమ్మ గీస్తుంటే ఆవిడ చేతిలోంచి సుద్దముక్క జారిపడింది. ముందు బల్లలో పిల్ల అందించింది. మళ్ళీ పడింది. మళ్ళీ అందించింది. మూడోసారి ఆవిడే పడిపోయింది.

ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులు. ప్రాణం నిలిచింది కానీ కుడిచెయ్యీ కుడికాలూ చచ్చుబడ్డాయి. మాటలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ "సర్లే". అదే ఎందుకు మిగిలిందో డాక్టరుకీ తెలియదు. ఒక్కోసారి అలా ఏదో ఒక ముక్క మిగిలిపోతుందన్నాడు. ఇక ఆకలేసినా సర్లే, కడుపు నిండినా సర్లే. ఒళ్ళు తుడిచేటప్పుడు నీళ్ళు చల్లగా ఉంటే పళ్ళు బిగించి సర్లే. ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుంటే నవ్వు ఆపుకోలేక సర్లే. గొంతును బట్టి ఆయనే అర్థం చెప్పుకోవాలి. కొన్నిసార్లు దొరికేది, కొన్నిసార్లు దొరికేది కాదు. దొరకనప్పుడు ఆవిడ గోడవైపు తిరిగేది.

ఇంటికి పంపించే రోజున ఆయన డాక్టరు గది బయట అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, లోపలికి వెళ్ళాడు.

"నా పని బట్టలు ముప్ఫై ఏళ్ళు తనే ఉతికింది డాక్టరుగారూ. చేతులకి తొడుగులేవీ లేకుండా. దానివల్ల ఏమైనా ఇలా..."

"ఆవిడకి బీపీ ఉందండీ. చాలాకాలంగా ఉన్నట్టుంది, చూపించుకోలేదు. మీరు అడిగిందానికీ దీనికీ సంబంధం ఉందని నేను చెప్పలేను."

"లేదని చెప్పగలరా?"

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అదీ చెప్పలేనండీ" అన్నాడు.

ఆ వారమే ఆయన ఉద్యోగానికి నీళ్ళొదిలేశాడు. వంట నేర్చుకున్నాడు. జడ వెయ్యడం నేర్చుకున్నాడు. పక్కింటివాళ్ళు చూసి పోవడం తగ్గిపోయాక ఇంట్లో గడియారం చప్పుడొక్కటే మిగిలింది. పగలంతా ఆవిడ వంటింటి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పెరటివైపు చూస్తూండేది. చూడటానికి అక్కడేముంది? గోడ, కుళాయి, బట్టలారేసే తీగ.

నాలుగో నెలలో ఒక పొద్దున ఆయన గిన్నెలు తోముతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది. "అదిగో!"

గిన్నె చేతిలోంచి జారిపోయింది. తిరిగి చూస్తే ఆవిడ ఎడమచెయ్యి ఎత్తి కిటికీ బయటకి చూపిస్తోంది. పసుపుపచ్చ సీతాకోకచిలుక ఒకటి గోడ దాటి వచ్చి, పెరడంతా ఒక చుట్టు చుట్టి, వాలడానికి ఏమీ కనబడక వెళ్ళిపోతోంది.

"ఏమన్నావ్? మళ్ళీ అను. టీచర్ గారూ, మళ్ళీ ఒక్కసారి అనూ!"

ఆవిడ ఎంతో ప్రయత్నించింది. మెడ నరాలు పొంగాయి. చివరికి "సర్లే" అని ఏడ్చేసింది.

ఆ మధ్యాహ్నమే ఆయన మెయిన్ రోడ్డు మీది పెద్ద దుకాణానికి వెళ్ళి, పూలతో నిండుగా ఉన్న కుండీలు ఆరు, ఒక నిమ్మమొక్క ఆటోలో వేయించుకుని వచ్చాడు. పురుగుల్ని చంపడానికి ఎన్ని దారులున్నాయో ఆయనకి కొట్టినపిండి. పిలవడానికి ఏం చెయ్యాలో ఒక్కటీ తెలియదు. పూలుంటే వస్తాయి కదా అనుకున్నాడు.

వచ్చాయి కూడా. వారం తిరగకుండా నల్లటి రెక్కల మీద తెల్లచుక్కలున్నది ఒకటి వచ్చి నిమ్మ చిగుళ్ళ మీద గుడ్లు పెట్టి పోయింది. ఆయన ఒక ఆకు తెంపి తెచ్చి ఆవిడకి చూపించాడు. పిల్లలు పుట్టాయి. చిన్నచిన్నవి, పిట్ట రెట్టల్లా. నాలుగో రోజుకి అన్నీ నల్లబడి, ఆకు అంచున తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆయనకి భూతద్దం అక్కర్లేదు. ఆ చావు ఆయన వేలసార్లు చూసినదే. ఎవరో మొక్కకి ముందే మందు పట్టించి ఉంచారు. వేరునుంచి చిగురుదాకా ఎక్కేసింది.

అప్పుడు వెళ్ళాడు రైలు పట్టాల అవతలి చిన్న నర్సరీకి. అక్కడి ఆవిడ అరవై ఏళ్ళది, మోచేతులదాకా మట్టితో ఉంది. ఆయన్ని చూడగానే నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"మీరు మందు కొట్టే ఆయన కదూ? నా దగ్గర మీకేం పని? ఇక్కడ పురుగులు హాయిగా ఉన్నాయి, మీరు రానక్కర్లేదు."

"నాకవే కావాలమ్మా" అన్నాడు ఆయన.

సంగతంతా విన్నాక ఆవిడ ఒక బకెట్ బోర్లించి కూర్చోమంది. "పూలు తాగడానికండీ. అది చుట్టాలకి టీ ఇచ్చినట్టు. తాగి పోతాయి. ఉండాలంటే పిల్లలకి తిండి చూపించాలి. ఆకు తిననివ్వాలి. మొక్క మోడైపోయినా కళ్ళు మూసుకుని ఊరుకోవాలి. మీవల్ల అవుతుందా?"

"అవుతుంది."

"మీ మట్టి ఎలాంటిది?"

ఆయన తల దించుకున్నాడు. ఎంత పోశాడో, ఏమేం పోశాడో, ఏ మందు ఎన్నేళ్ళు నేలలో ఉంటుందో ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

పెరడంతా మోకాలి లోతు తవ్వాడు. పన్నెండు రోజులు పట్టింది. కుళాయి దగ్గర, ఆ బట్టల నీళ్ళు ఇంకిన చోట, నడుము లోతు తవ్వాడు. ఆ మట్టిని కంపెనీవాళ్ళ బండి పిలిపించి, వ్యర్థాలు పారేసే గుంటకి పంపించాడు. నర్సరీ ఆవిడ మట్టి ఇచ్చింది, తన చేత్తో పెంచిన నిమ్మ ఇచ్చింది, బంతి విత్తనాలు ఇచ్చింది, ఎక్కడిదో ఒక జిల్లేడు పిలక కూడా ఇచ్చింది. పెరట్లో జిల్లేడేమిటని వీధివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

మొక్కలు నిలదొక్కుకున్నాక ఒక రోజు నేల తుడుస్తూ నడుం పట్టేసి, ఆయన టీచర్ గారి కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ అప్పుడు మంచం మీద ఉంది. కూర్చుని బయటకి చూసి నిర్ఘాంతపోయాడు. ఆ కుర్చీలోంచి మొక్కలు కనబడవు. కిటికీ గట్టు అడ్డం. గోడ పైభాగం, ఆకాశం, అంతే. ఇన్నాళ్ళూ ఆయన నిలబడి చూస్తూ "చూశావా, మొగ్గ వేసింది, చూశావా" అంటుంటే ఆవిడ కనబడని మొగ్గకి తల ఊపింది.

మర్నాటినుంచి పొద్దున్నే ఆవిణ్ణి ఎత్తుకుని వెళ్ళి పెరట్లో, నిమ్మ పక్కన కూర్చోబెట్టేవాడు. ఎత్తుకుంటుంటే ఎదురింటావిడ డాబా మీదనుంచి చూసి, "ఈ వయసులో ఏం సరసాలు అన్నయ్యా!" అని నవ్వేది. టీచరమ్మ సిగ్గుపడి ఆయన భుజంలో మొహం దాచుకునేది. ఆ నెల రోజులూ ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

నిమ్మ మీద పురుగులు పడ్డాయి. ఈసారి చావలేదు. మొదట పిట్ట రెట్టల్లా ఉన్నవి పెరిగి ఆకుపచ్చగా, చిటికెనవేలంత అయ్యాయి. కరకరా ఆకులు నమిలేస్తుంటే ఆయన చేతివేళ్ళు వాటంతటవే బిగుసుకునేవి. ముప్ఫై ఒక్క ఏళ్ళ చెయ్యి అది. జేబులో పెట్టేసుకునేవాడు. ఆవిడకి అది తెలిసిపోయి, ఎడమచేత్తో ఆ జేబు మీద తట్టేది. "పదిహేడు ఉన్నాయి టీచర్ గారూ, ఇవాళ హాజరు పూర్తి" అని ఆయన పొద్దున్నే లెక్క చెప్పేవాడు.

వానలు వెనకపట్టాక వీధిలో జ్వరాలు మొదలయ్యాయి. ఎదురింటావిడ కూతురికి తొమ్మిదేళ్ళు. ఆ పిల్లని ఆసుపత్రిలో చేర్చారు. రెండిళ్ళ అవతల ఒక పెద్దాయన పోయాడు. మూడో రోజు సాయంత్రం దోమల పొగ యంత్రం వీధి మొదట్లో భగ్గుమంటూ మొదలైంది. దాన్ని భుజాన వేసుకుని వస్తున్నవాణ్ణి ఆయన దూరం నుంచే పోల్చుకున్నాడు. కంపెనీలో ఆయన దగ్గర పని నేర్చుకున్న బక్కోడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, తల నెరిసింది, అయినా ఆయనకి బక్కోడే.

"ఒరేయ్ బక్కోడా, నా పెరడు ఒక్కటీ వదిలెయ్యరా" అని గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

బక్కోడు యంత్రం ఆపి, మొహం మీది గుడ్డ దించాడు. "గురువుగారూ, వీధంతా కొట్టి ఒక్క ఇల్లు వదిలితే ఉపయోగం లేదని నేర్పింది మీరే కదండీ."

ఆయన గేటు వదల్లేదు. ఈలోగా ఎదురింటావిడ గేటు తీసుకుని వచ్చింది. ఆసుపత్రి నుంచి స్నానానికి వచ్చినట్టుంది, కళ్ళు వాచిపోయి ఉన్నాయి. అరవలేదు. గొణిగినట్టుగా అంది: "అన్నయ్యా, పాపకి రక్తం ఎక్కిస్తున్నారు. మీ మొక్కల పాదుల్లో నీళ్ళుంటాయి కదా. వదినకి బాగుండాలనే నాకూ ఉంది. కానీ..."

ఆయన గేటు పక్కకి జరిగాడు.

"అయిదు నిమిషాలు ఆగరా" అని లోపలికి పరుగెత్తి, టీచరమ్మని ముందుగదిలోకి చేర్చి, మంచం మీది దుప్పట్లన్నీ తడిపి నిమ్మమొక్కకి చుట్టాడు. నాలుగు పొరలు. కింద తాడు బిగించాడు. ఏం లాభం లేదని ఆయనకి తెలుసు. ఆ పొగ ఎంత సన్నని సందులోనైనా దూరుతుందని కొత్తవాళ్ళకి చెప్పింది తనే. తెలిసీ నాలుగు దుప్పట్లు చుట్టాడు.

తెల్లవారి విప్పితే కింద రాలి ఉన్నాయి. ఆవిడకి కనబడకుండా ఊడ్చేద్దామనుకున్నాడు. ఇంతలో లోపలినుంచి "సర్లే! సర్లే!" అని గట్టిగా కేక. బయటికి తీసుకుపొమ్మని. తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఆవిడ నేలకేసి చాలాసేపు చూసింది. ఎడమచేత్తో ఒక్కొక్క కొమ్మే వంచి వెతకడం మొదలుపెట్టింది. వెతగ్గా వెతగ్గా గోడవైపు కొమ్మకి, నడుముకి దారం కట్టుకుని వేలాడుతున్న గూడు ఒకటి దొరికింది. పొగ రాకముందే కట్టుకున్నది.

తొమ్మిది రోజులు కాపలా కాశారు. పదో రోజు పొద్దున అది విచ్చుకుంది. ఎడమ రెక్కలు నిండుగా విప్పారాయి. కుడివి ముడతలు పడి అలాగే ఉండిపోయాయి. ఎండెక్కినా విప్పారలేదు. పొగవల్లో, పుట్టుకతోనో ఆయన చెప్పలేకపోయాడు. ఎగరబోయి కింద పడింది. మళ్ళీ ఎగరబోయింది.

ఆవిడ దాన్ని వేలిమీదకి ఎక్కించుకుంది. దూదిని పంచదార నీళ్ళలో ముంచి ఎడమచేత్తోనే తాగించడం నేర్చుకుంది. బంతిపువ్వు మీద కూర్చోబెట్టేది, మంచం పక్కకి తెచ్చుకునేది. అది ఆవిడ చీర అంచు పట్టుకుని గంటలతరబడి ఉండేది.

అలా ఉన్న ఒక మధ్యాహ్నం ఆయన ఆవిడ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, ఏడాదిగా అడగలేకపోయిన మాట అడిగేశాడు.

"నా బట్టలు ఉతకడం వల్లే నీకిలా అయిందా? నావల్లేనా? నిజం చెప్పు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పెదాలు కదిలాయి. ఏదో పెద్ద మాటే వెతుక్కుంటోంది. దొరకలేదు. చివరికి మెల్లగా "సర్లే" అంది.

క్షమించానన్నదా, ఇప్పుడెందుకులే అన్నదా, అవును, అయితే అయింది అన్నదా? ఆవిడ ప్రతి సర్లేకీ అర్థం చెప్పుకోగలనని గర్వపడిన మనిషి ఆ ఒక్కదానికీ చెప్పుకోలేకపోయాడు.

సీతాకోకచిలుక ఏడు రోజులు బతికింది. టీచరమ్మ చలికాలం దాకా ఉంది. ఒక ఉదయం ఆయన పాలు తేవడానికి వెళ్ళి వచ్చేసరికి నిద్రలోనే పోయింది. ఎదురింటావిడే వచ్చి తల దువ్వింది, పిల్ల కోలుకుని తిరుగుతోంది అప్పటికి.

ఆయన రెండు నెలలు పెరటి తలుపు తియ్యలేదు. అక్క వచ్చి తన ఇంటికి తీసుకుపోయింది. "ఒక్కడివీ ఏం చేస్తావురా తమ్ముడూ, ఇక్కడే ఉండిపో" అంది. మూడు రోజులున్నాడు. అక్క వంటింటి గట్టు మీద చీమల వరసని ఆయన చూస్తూ కూర్చుంటే బావగారు వచ్చి, "మీకు తెలిసిన మందేదైనా చెప్పండి" అన్నాడు. నాలుగో రోజు ఆయన ఇంటికి వచ్చేశాడు.

బక్కోడు వచ్చాడు ఒక ఆదివారం. గుమ్మంలోనే నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. "ఆ రోజు నేను కాకుండా ఇంకెవడైనా వచ్చి ఉంటే బాగుండేదండీ" అన్నాడు.

"ఎవడొచ్చినా కొట్టాల్సిందేరా. నేనైనా కొట్టేవాణ్ణే." ఆపైన అడిగాడు, "నీ పని బట్టలు ఎవరు ఉతుకుతారు?"

"మా ఆవిడేనండీ."

"ఇవాళ్టినుంచి నువ్వే ఉతుక్కో. చేతులకి తొడుగులు వేసుకుని, కాలరు కూడా సరిగ్గా రుద్దుకో. కారణమేదో నాకు తెలియదు, నన్నడక్కు. ఉతుక్కో."

బక్కోడు తల ఊపి వెళ్ళాడు.

ఆ తరవాతే పెరటి తలుపు తీశాడు. నిమ్మ సగం ఎండిపోయింది. జిల్లేడు మాత్రం గోడెత్తు పెరిగి, ఎవరూ పట్టించుకోని కలుపుతో కలిసి పెరడంతా ఆక్రమించింది. దానిమీద నారింజరంగు రెక్కలవి డజన్లకొద్దీ. నీలంవి, తెల్లవి, పేర్లు తెలియనివి. ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇవి వచ్చిన రోజున ఎంత సంతోషంగా ఉంటుందో అని ఒకప్పుడు ఆవిడతో ఎన్నిసార్లు అనుకున్నాడో. వచ్చాయి. చూడవే అని చెప్పడానికి ఎవరూ లేరు. గుమ్మంలోనే కూర్చుని, ఆవిడ పోయిన రోజున ఏడవని ఏడుపంతా ఏడ్చాడు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు నర్సరీలో పనిచేస్తాడు. కుండీలు మోస్తాడు, విత్తనాలు పొట్లాలు కడతాడు. నర్సరీ ఆవిడకి ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు, అది ఆయనకి నయంగా ఉంది. వీధిలో ఇంకా మందాయనే అంటారు. మొన్న ఎవరో కొత్త పెళ్ళికూతురు వచ్చి నిమ్మమొక్క బేరం చేస్తూ, "ఇది పెడితే సీతాకోకచిలుకలు తప్పకుండా వస్తాయా అండీ?" అని అడిగింది.

ఆయన మొక్క చుట్టూ తడిగుడ్డ కట్టాడు. "చెప్పలేనమ్మా. వస్తే మాత్రం ఆకులు తినేస్తాయి, తిననివ్వండి" అన్నాడు. ఆ అమ్మాయి సరేనంది. ఆయన కుండీని స్కూటరు దాకా మోసి, కాళ్ళ దగ్గర కదలకుండా పెట్టి, లోపలికి వచ్చి మిగతా మొక్కలకి నీళ్ళు పోశాడు.